చొక్కా వేసుకుని లైవ్‌కి

(మా పక్క వాటాలో జరిగిన సంభాషణ. రెండిళ్ళకీ నడుమ గోడ పల్చన. మార్కులన్నీ ఆవిడకే పడినట్టు అనిపిస్తే అది నా పక్షపాతమే, దాచను.)

ఆవిడ: ఏవండీ, రాత్రి తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తీశారు, ప్రయాణం ఎక్కడికి?

ఆయన: ఎక్కడికీ లేదు. లైవ్‌కి.

ఆవిడ: లైవ్ ఫోన్లోనే కదా వచ్చేది?

ఆయన: ఫోన్లో అయితే మాత్రం బనీనుతో కూర్చోనా? యూట్యూబ్‌లో గడియారాలు బాగుచేసే ఆ అబ్బాయి చూడడూ?

ఆవిడ: చూసేది మీరు. వాడు కాదు.

ఆయన: మొన్న లైవ్‌లో ఏమన్నాడు? "అంకుల్ గారు వచ్చారు, చూశాను" అన్నాడు. చూడకుండానే అన్నాడా?

ఆవిడ: చాట్‌లో మీ పేరు చూశాడండీ బాబూ!

ఆయన: పేరు చూస్తే అంకుల్నని ఎలా తెలుస్తుంది? నా నెత్తి చూసే అన్నాడు.

ఆవిడ: నెత్తి దాకా ఎందుకు, మీ కామెంటు చాలు. "చిరంజీవికి ఆశీస్సులతో వ్రాయునది" అని మొదలుపెట్టి చివర్లో పూర్తిపేరుతో సంతకం చేస్తారు. పాతికేళ్ళవాడెవడైనా అలా రాస్తాడా?

ఆయన: అందరిలా "సూపర్ బ్రో" అని పోతే వాడికేం ఒరిగింది? టిక్కుకీ టక్కుకీ నడుమ ఎడం సమానంగా లేదేమని అడిగాను. నా కామెంటుకి ఎర్ర గుండె పెట్టి, గడియారం మట్టంగా వేలాడకపోతే అలా అవుతుందని దాని మీదే ఇంకో వీడియో చేశాడు. లక్షలమంది ఉన్నవాళ్ళకి మన ప్రశ్న కనపడుతుందా?

ఆవిడ: టిక్కుకీ టక్కుకీ తేడా తెలుస్తుంది గానీ, నేను పిలిస్తే వినపడదు.

ఆయన: వాడికి ఉన్నదే 212 మంది. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లయి, ఏడాదిలో జనం 4000 గంటలు చూస్తే గానీ యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా ఇవ్వదు. లేదంటే షార్ట్స్‌తో కొట్టుకు రావాలి. ఈలోగా వాడికి దక్కేది మన పలకరింపే.

ఆవిడ: అందుకని ఒకే వీడియో రాత్రంతా తిప్పి తిప్పి ఆడించి నిద్రపోతారా? అలాంటివి లెక్కలోంచి తీసేస్తారు.

ఆయన: నిద్రపోయినప్పుడు కూడా చూసుంటాడంటావా? అయ్యయ్యో, నోరు తెరిచి పడుకుంటానే!

ఆవిడ: గురక కూడా వినే ఉంటాడు. ఇదేదో పెద్ద గడియారం అనుకుని రిపేరు వీడియో చేస్తాడు చూడండి.

ఆయన: నవ్వకు. క్షమించమని చెబుదామంటే యూట్యూబ్‌లో మెసేజీలు 2019లోనే తీసేశారు. ఇన్‌స్టాలో పెట్టాను. నన్ను ఫాలో అవడు కదా, రిక్వెస్టుల్లో పడి ఉంది పాపం.

ఆవిడ: ఏమని పెట్టారు?

ఆయన: "ఇకమీదట చొక్కా వేసుకుంటాను బాబూ" అని.

(ఇక్కడ చాలాసేపు ఏమీ వినపడలేదు. ఎవరో గ్లాసుతో నీళ్ళు తాగిన చప్పుడు మాత్రం వచ్చింది.)

ఆవిడ: ముక్కూ మొహం తెలియని పిల్లాడికి అర్ధరాత్రి ఆ మెసేజీయా! వాడు తెరవకముందే అన్‌సెండ్ నొక్కండి. ఇంకా నయం, ఫొటో పెట్టలేదు.

ఆయన: పెడదామనే అనుకున్నా. ఉష్, లైవ్ మొదలైంది.

ఆవిడ: ఎంతమంది?

ఆయన: ఇద్దరం. ఆ రెండోవాడు రోజూ వస్తాడు. ఒక్క మాట మాట్లాడడు, అలాగని వెళ్ళిపోడు. మహానుభావుడు.

ఆవిడ: ఆ మహానుభావుడు లోపలి గదిలో ఉన్న నా ఫోను. మీరొక్కరే ఉంటే పిల్లాడు గోడకి చెప్పుకుంటున్నట్టుంటుందని పెడుతున్నా.

ఆయన: మరి ఏనాడూ ఒక్క ముక్క రాయవేం?

ఆవిడ: మీరున్నచోట ఇంకొకరికి సందు దొరికితేగా! ఉండండి, ఇవాళ రాస్తాను. "బాబూ, మా ఆయన నీకు కనిపిస్తున్నారా?"

(ఫోన్లోంచి కుర్రాడి గొంతు: "లేదమ్మా, నాకెవరూ కనిపించరు. పేర్లూ, మీరు రాసే మాటలే వస్తాయి.")

ఆవిడ: విన్నారా?

ఆయన: విన్నాను. మొహమాటపడుతున్నాడు. చొక్కా బాగాలేదని పెద్దవాడి మొహం మీద ఎలా అంటాడు?

ఆవిడ: రామచంద్రా! సరే, ఆ నీలం చొక్కా వేసుకుని రండి, అదే మీకు నప్పుతుంది. ఈలోగా మీ కుర్చీలో నేను కూర్చుంటా.

ఆయన: నీ ఫోను మాత్రం ఆపకు, లెక్క ఒకటికి పడిపోతుంది. జుట్టు కాస్త సవరించుకో, అవతల పిల్లాడున్నాడు.

ఆవిడ: మీ గురకకే పారిపోనివాడు నా జుట్టుకి పారిపోతాడా? వెళ్ళండి, బొత్తాలు సరిగ్గా పెట్టుకోండి.