పిచ్చుక డబ్బాల మధ్య గ్యాప్ ఎంతో కూడా రాసుకుందాం

చెన్నైలో మనవాళ్లుండే అపార్ట్‌మెంట్లలో కూడా ఇప్పుడు పిచ్చుకల కోసం చెక్క డబ్బాలు కడుతున్నారు, మార్చి 20న పిచ్చుకల దినోత్సవం వచ్చిందంటే వాట్సాప్ నిండా ఫోటోలే, ఎన్ని కట్టాం ఎన్నిట్లో గూడు పెట్టాయి అని. చాలా మంచి పని. కానీ డబ్బాకీ డబ్బాకీ మధ్య ఎంత దూరం అన్నది కూడా లెక్కలోకి రావాలని నేను గట్టిగా అనుకుంటున్నా, ఎందుకంటే పక్షుల్లో ఏ పిల్లకి తండ్రి ఎవరన్నది కొంతవరకు పక్క గూట్లో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

1968లో డేవిడ్ లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, పక్షి జాతుల్లో 90 శాతం పైగా జంట కట్టి బతికేవే అని రాశాడు, జంట ఉందంటే పిల్లలూ ఆ జంటవేగా అనుకున్నారు అందరూ. 1987లో టెర్రీ బర్క్, మైకేల్ బ్రూఫర్డ్ ఇద్దరూ మన ఊరపిచ్చుక జాతి మీదే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ (జన్యువుల్ని పోల్చి తండ్రెవరో తేల్చే పరీక్ష) చేసి చూపించాక కథ మారిపోయింది. 2002 నాటికి టెస్ట్ చేసిన జాతుల్లో దాదాపు 90 శాతంలో జంట బయటి తండ్రికి పుట్టిన పిల్లలు కనిపించాయి, జంట కట్టే పక్షుల్లో సగటున 11 శాతం పైచిలుకు పిల్లలకి తండ్రి వేరే మగది.

ఆ వేరే మగది ఎక్కడిది? ఎక్కువగా పక్కదే. జర్మనీలో బుల్లి పక్షులైన బ్లూ టిట్‌ల మీద బార్ట్ కెంపెనార్స్ టీమ్ ఏళ్ల తరబడి చూసింది, గూళ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ అలా కలిసే అవకాశం గబగబా పడిపోతుంది, పైగా 2020లో వాళ్లే చూపించిందేంటంటే చలికాలంలో కలిసి మేత తిన్నవే తర్వాత జంటలుగానో, జంట బయటో కలుస్తాయి అని. అంటే దూరంతో పాటు ముఖపరిచయం కూడా. అమెరికాలో ప్యాట్రీషియా గోవాటీ బ్లూబర్డ్‌ల డబ్బాల్ని ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పెట్టి 1991లో రిజల్ట్ ఇచ్చింది, డబ్బాలు ఎక్కువున్న చోట జంట బయటి పిల్లలూ ఎక్కువే. అంటే డబ్బా కట్టే మనిషే ఈ లెక్క మార్చేయగలడు, నాకు దీంట్లో ముఖ్యంగా అనిపించింది ఇదే.

అలాగని రద్దీ ఉంటే చాలు అనుకోకూడదు. ఫుల్మార్ అనే సముద్రపక్షి కొండ అంచుల మీద గుంపులుగా గూళ్లు పెడుతుంది, 1992లో టెస్ట్ చేస్తే బయటి తండ్రి పిల్ల ఒక్కటీ లేదు. మన వేదంతాంగల్, నేలపట్టు పక్షి కేంద్రాల్లో కొంగల గూళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కదా, అక్కడ ఒక్కసారి నిలబడి చూడండి, మగది పుల్ల కోసం ఎగిరిపోతుంది, ఆడది గూట్లో కాపలా, అది పక్కకి తిరిగిందంటే పక్క గూడువాడు పుల్ల లాక్కుపోతాడు. కాపలా ఎవరు, ఎంతసేపు, మగది ఎంత దూరం పోవాలి, ఇవన్నీ కలిస్తేనే దూరానికి అర్థం వస్తుంది. పిచ్చుకల్లో అయితే గుడ్లు పెట్టే ముందు రోజుల్లో మగది ఆడదాని వెనకే తిరుగుతుంది, అది ఈకలేరడానికి కిందకి దిగితే ఇదీ దిగుతుంది, ఇంకో నల్ల గొంతు మగది దగ్గరకొస్తే చాలు తరుముతుంది.

ఇంకో కోణం కూడా ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. 1997లో ఎలిజబెత్ గ్రే అమెరికాలో రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్‌ల మీద రాసింది, పక్క మగదానితో కలిసిన ఆడపక్షిని ఆ మగది తన జాగాలో మేత తిననిస్తుంది, దాని గూటికి శత్రువొస్తే కాపాడ్డానికీ వస్తుంది. ఆ గూట్లో తన పిల్ల ఉండొచ్చు కదా మరి! 2014లో నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ వాళ్లు ఒక లెక్కల మోడల్ కట్టి, ఇలాగైతే ఆ చుట్టుపక్కల మగవన్నీ కొట్టుకోవడం తగ్గించి కలిసి కాపలా కాసే అవకాశం పెరుగుతుందని చూపించారు. నా దృష్టిలో దీన్ని మోసం అంటూ మన సంసారాల లెక్కలో చూడటం పక్షికి అన్యాయం, అక్కడ ఒక వీధి మొత్తం బతుకుతోంది.

పిచ్చుకలకి తోడు కావాలి, ఒక్క డబ్బా ఎక్కడో విడిగా కట్టమని నేననను. ఒకే గోడకి వరసగా కట్టినవాళ్లు టేపు పెట్టి డబ్బాల మధ్య దూరం కొలిచి, ఏ మగది ఏ డబ్బా ముందు కూర్చుంటోంది, పక్క డబ్బాకి శత్రువొస్తే ఏది అరుస్తోంది అని ఒక నోట్‌బుక్‌లో రాయండి, వచ్చే మార్చిలో ఫోటోలతో పాటు ఆ పేజీలు కూడా గ్రూపులో పెట్టండి.