బీపీ చూడని టానిక్కు దండగ

కర్నూలు, ఆదోని మందుల దుకాణాల్లో గర్భిణుల పేరిట అమ్మే విటమిన్ టానిక్కులకు కొదవ లేదు. కూలి డబ్బులతో వాటిని కొనే ఇళ్లలోనే, ఆరోగ్య కేంద్రం ఉచితంగా ఇచ్చిన కాల్షియం బిళ్లలు గూట్లో మూలుగుతుంటాయి. గర్భిణికి రక్తపోటు ముప్పు తగ్గించడంలో రుజువున్నది ఈ బిళ్లలకే.

ఎక్కువ మోతాదులో సి, ఇ విటమిన్లు ఇస్తే, గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛల దాకా పోయే గుర్రపువాతాన్ని ఆపవచ్చని ఒకప్పుడు వైద్యులూ ఆశపడ్డారు. 2006లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంతో ఆ ఆశ అడియాస అయింది. ముప్పు తగ్గకపోగా, తక్కువ బరువుతో పుట్టే శిశువులు పెరిగారు. ఆహారంలో కాల్షియం కొరవడిన చోట గర్భిణులకు దాన్ని ఇవ్వాలని మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 14వ వారం నుంచి రోజుకు రెండు బిళ్లలు, ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములు. ఇనుము బిళ్లతో కలిపి ఒకే గుక్కలో మింగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. బిళ్లలు చేతిలో పెట్టేటప్పుడే చెప్పాల్సిన ఈ ముక్క ఎందరి చెవిన పడుతోంది?

సంగటి తినే సీమలో కాల్షియానికి లోటేమిటని అడగవచ్చు. కానీ జిల్లా పడమటి పల్లెల్లో పొద్దున్నా సాయంత్రమూ జొన్నరొట్టే. రాగుల్లో ఉన్న కాల్షియంలో పదో వంతు కూడా జొన్నల్లో ఉండదు. ఇక పాలంటారా, పాడి ఉన్న ఇంట్లోనూ అవి ముందు పాల కేంద్రానికే పోతాయి.

బిళ్లలు ముప్పును తగ్గిస్తాయే గాని తుడిచిపెట్టవు. 20 వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరినా, విడవని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. ‘నెలలు నిండుతున్నాయి, నీరు పట్టింది’ అని అత్తగారు సర్దిచెప్పే మాట ఇక్కడే కొంప ముంచుతుంది. మూర్ఛలను అడ్డుకునే మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందు ఖరీదైనదేమీ కాదు. అది అందే చోటికి వేళకు చేరడమే కష్టం.

అసలు చిక్కు సుగ్గి కాలంలో, అంటే కోతల వలసల వేళ, వస్తుంది. కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు బాట పడతాయి, వారిలో గర్భిణులూ ఉంటారు. ప్రతి నెలా 9న సొంత ఊరి ఆరోగ్య కేంద్రంలో జరిగే పరీక్ష నాటికి వాళ్లు మిరపచేలో ఉంటారు. రిజిస్టరులో మాత్రం ‘రాలేదు’ అని రాస్తారు. రాలేదనడం కాదు, ఎక్కడున్నారో కనుక్కోవాలి. వెళ్లేముందే మూడు నెలల కాల్షియం, ఇనుము బిళ్లలు చేతికివ్వాలి. ఏ మండలానికి వెళ్తున్నారో రాసుకుని అక్కడి ఏఎన్ఎంకు ఫోనులో తెలపాలి. అక్కడి సిబ్బంది బీపీ యంత్రంతో కూలీల గుడారాల దగ్గరికే వెళ్లాలి. రెండు జిల్లాల ఆరోగ్యశాఖ అధికారులు ఒకసారి కూర్చుంటే తేలే పని ఇది. ఈసారి సుగ్గి బండ్లు కదలకముందే ఆ సమావేశం జరగాలి.