నలభై దాటితే పాపం

కొత్త కారు కొన్న ప్రతి ఇంట్లో ఒక మామయ్య ఉంటాడు. లేకపోతే షోరూమ్‌వాళ్లే ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెడతారేమో. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు చితికి, ఆ రసం ఇంకా ఆరకముందే శాసనం వెలువడుతుంది: "అల్లుడూ, వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా నలభై దాటొద్దు. ఇంజిన్ సెట్టవ్వాలి."

కారు డబ్బులో సగం ఎవరు పెట్టారో అందరికీ తెలుసు కాబట్టి అల్లుడు దాటడు.

ఇక విజయవాడ హైవే మీద ఆ ఊరేగింపు చూడాలి. కుడిచేతి లేను. అయిదో గేరు. స్పీడు నలభై. ఇంజిన్ 1200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మూలుగుతుంటుంది. గేర్ రాడ్డు మలేరియా జ్వరమొచ్చినట్టు వణుకుతుంటుంది. డాష్‌బోర్డు మీద ఉదయమే అంటించిన వినాయకుడు అడ్డంగా తల ఊపుతుంటాడు, ఆయనకైనా విషయం అర్థమైందని మనం సంతోషించాలి. వెనక లారీ హారన్, దాని వెనక బస్సు హారన్. చెరకు ట్రాక్టరు ఎడమవైపు నుంచి దాటుకుపోతూ డ్రైవరు జాలిగా చూస్తాడు. వెనక సీట్లో అత్తయ్య పులిహోర డబ్బా మూత గలగలమంటోందని ఒళ్లో పెట్టుకుంటుంది. మామయ్య మాత్రం కళ్లు అరమోడ్చి, "చూశావా, ఎంత స్మూతుగా పోతోందో" అంటాడు. చిన్న ఎత్తు వస్తుంది. అల్లుడు గేరు మార్చబోతాడు. "వద్దు, వద్దు! కిందిగేరులో వేస్తే ఇంజిన్ అరుస్తుంది, అరిగిపోతుంది." అల్లుడు కాలు గట్టిగా నొక్కుతాడు. లోపల టకటకమని చప్పుడు. మామయ్య రేడియో సౌండు పెంచుతాడు.

ఆ టకటక ఏమిటో మామయ్యకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనక ఇక్కడ మనవి చేసుకుంటున్నాం. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బరువు మోపితే ఇంజిన్ నాక్ చేస్తుంది, అంటే లోపల పెట్రోలు పేలినట్టు మండుతుంది, దెబ్బ బేరింగుల మీద పడుతుంది. ఇక సెట్టవ్వడం సంగతి. పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో హోనింగ్ చేసి కావాలనే సన్నటి అడ్డదిడ్డం గీతలు గీస్తారు, ఆయిల్ వాటిలో నిలవాలని. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ గోడకు ఒరుసుకుని సరిపడాలి. రింగుకున్న స్ప్రింగు బిగువు అందుకు చాలదు. మండిన గ్యాసు రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి నొక్కాలి. సమతల రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు ముద్దుచేస్తూ నడిపితే ఆ నొక్కుడు రాదు. రింగు సరిగా కూర్చోదు, గోడ మీద మిగిలిన ఆయిల్ కాలి వార్నిష్‌లా గీతల్ని పూడ్చేస్తుంది. ఆ తర్వాత బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, సైలెన్సర్ నీలంగా పొగ వదులుతుంది. ఇప్పటి ఇంజిన్లు మామయ్యల్ని కూడా తట్టుకునేలా చేస్తున్నారు కాబట్టి చాలా కార్లు బతికి బట్టకడుతున్నాయి, అది వేరే సంగతి.

పొద్దున్నే అరగంట స్టార్ట్ చేసి ఉంచే వ్రతం ఇంకొకటి. చల్లటి ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. అది గోడ మీది ఆయిల్ పొరను కడిగి కింద సంపులో, అంటే ఆయిల్ నిలవుండే తొట్టిలో, కలుస్తుంది. అర నిమిషం ఆగి, మెల్లగా బయల్దేరి, మొదటి అయిదు కిలోమీటర్లు 2500 ఆర్‌పీఎం దాటకపోతే చాలు. న్యూట్రల్‌లో రేజ్ ఇచ్చి రీల్స్ తీసే మేనల్లుళ్లకు ఇక్కడ చెప్పేదేమీ లేదు, వాళ్లు చదవరు.

చేయాల్సింది ఇంతే. పెట్రోలు కారైతే 2000, 3500 ఆర్‌పీఎం మధ్య, డీజిలైతే 2500 లోపు తిప్పండి. పెట్రోలు కారైతే ఇంజిన్ వేడెక్కాక మూడో గేరులో సగం ఎక్సలరేటర్‌తో 2000 నుంచి 3500 దాకా తీసుకెళ్లండి. కాలు పూర్తిగా తీసేసి గేరులోనే స్పీడు దిగనివ్వండి. అప్పుడు పుట్టే వాక్యూమ్ గోడ మీదికి ఆయిల్‌ను లాగుతుంది. పదిసార్లు చేయండి. ఒకే స్పీడులో గంటలకొద్దీ పోవద్దు, అది నలభై అయినా సరే, నూట పది అయినా సరే. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ వారానికోసారి చూడండి, కొత్త ఇంజిన్ కొంచెం ఆయిల్ తినొచ్చు. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. మాన్యువల్ గ్లవ్ బాక్సులో ఉంటుంది, ప్లాస్టిక్ కవరు చింపాలి.

వారం తిరక్కుండానే తిరుమల ప్రయాణం. అయిదు సీట్ల కారులో ఏడుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. ఎక్కేటప్పుడు రెండో ఘాట్‌లో పడే యాతన ఇంజిన్‌ది, పోనీండి. దిగేటప్పుడు మొదటి ఘాట్ మొదట్లోనే మామయ్య మహోపదేశం: "న్యూట్రల్ చెయ్, పెట్రోలు కలిసొస్తుంది."

ఏం కలిసొస్తుందయ్యా? గేరులో ఉండి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. చుక్క కూడా పోదు. న్యూట్రల్‌లోనే ఇంజిన్ తిరగడానికి పెట్రోలు కావాలి. ఆ బ్రేకులు ఇంకా కొత్తవి. ప్యాడ్లు డిస్కుకు ఒరుసుకుని పట్టు రావాలంటే సుమారు మూడు వందల కిలోమీటర్లు మెత్తగా వాడాలి. ఆ పచ్చి బ్రేకుల మీద ఏడుగురి బరువు వేసి, మలుపు మలుపుకీ తొక్కుతూ పోతే కాలిన వాసన వస్తుంది, పెడల్ లోపలికి దిగిపోతుంది. వెనక సీట్లో గుండు చేయించుకున్న పసిబిడ్డ నిద్రపోతుంటుంది. కొందరు మహానుభావులు ఇంజిన్ కూడా ఆపేస్తారు! రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇది పొదుపు కాదు, తెలివితక్కువతనం కూడా కాదు, నేరం. టెఫ్లాన్ కోటింగులు అంటగట్టడానికి గంట మాట్లాడే షోరూమ్ నోటికి "ఘాట్‌లో గేరులోనే దిగండి సార్" అన్న ఒక్క ముక్క పెగలదేం?

సరే, వెయ్యి కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఫస్ట్ ఫ్రీ సర్వీస్. మామయ్య సర్వీస్ సెంటర్‌లో గంభీరంగా నిలబడి, "మొదటి ఆయిల్‌లో లోహపు పొడి ఉంటుంది, మార్చేయండి" అంటాడు. నిజానికి ఈ ఒక్క మాటలో పస ఉంది, పొడి ఎక్కువగా రాలేది మొదట్లోనే. ఫిల్టర్ పట్టుకుంటుంది గానీ మారిస్తే తప్పేమీ లేదు. సర్వీస్ అడ్వైజర్ అంటాడు: "సార్, కంపెనీ లెక్కన పదివేల కిలోమీటర్లకే మార్పు. ఇప్పుడు కావాలంటే ఆయిల్‌కీ ఫిల్టర్‌కీ మీరు డబ్బులు కట్టాలి."

మామయ్య ఒక్క క్షణం ఆలోచించి, "కంపెనీవాళ్లకు తెలీదేంటి అల్లుడూ, పద" అంటాడు.