అద్దె ఇంటి విలువ పెరగాలంటే రంగు డబ్బా చివర్లో తెరవండి

ఇంటికి విలువ కట్టే వాల్యుయేషన్‌కి వారం ముందు పెయింటర్‌ని పిలిచే ఓనర్లకో మాట. చెమ్మ గోడకు లప్పం పెట్టి రంగు వేయించడం బూడిదలో పోసిన పన్నీరే. గోడలోని తడి ఆరుతూ ఉప్పును పైకి తెస్తుంది, పైపొర ఉబ్బి పెచ్చులూడుతుంది. ఇల్లంతా పాత రంగు ఉండి, ఒక్క గోడే తళతళలాడితే అనుభవమున్న వాల్యుయర్ చెయ్యి ముందు దానిమీదే పడుతుంది.

ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చండి. కుళాయిలన్నీ కట్టేసినా నీళ్ల మీటర్ తిరుగుతోందంటే పైపు లీకయ్యే అవకాశం ఎక్కువ. తిరగకపోతే బాత్రూమ్ నీళ్లు పోయే కన్నం మూసి, గడప దాటకుండా రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు నిలిపి, మట్టం గుర్తుపెట్టి 24 గంటలు వదలండి. అవతలి గోడకో కింది స్లాబుకో తడి ఎక్కితే నేలే కారణం. జాయింట్లు మాత్రమే పాడైతే టైల్స్ సందుల్లో నింపిన పాత గ్రౌట్ చెక్కి తీసి ఎపాక్సీ గ్రౌట్ నింపితే సరిపోవచ్చు. పాతదాని మీదే పూసి చేతులు దులుపుకునే పనివాళ్లున్నారు, దగ్గరుండి చూసుకోండి. అడుగున వాటర్‌ప్రూఫింగ్ పొరే పోతే మాత్రం టైల్స్ లేపక తప్పదు.

లీకు ఆగాక మరక అంచు దాటి ఒక అడుగు వరకు పాత ప్లాస్టరింగ్ ఊడగొట్టించి, గోడ ఆరాక కొత్తది పెట్టించండి. దాన్ని తడిపి క్యూరింగ్ చేశాక మళ్లీ పూర్తిగా ఆరనివ్వాలి. మొత్తం 28 రోజులు ఆగితే మంచిది. తొందర పడేది అందరూ ఇక్కడే! ఆ తర్వాతే ప్రైమర్, పలచగా రెండు పూతల లప్పం, ఎమ్రీ పేపర్, మళ్లీ ప్రైమర్, రెండు పూతల రంగు. గుంటలు లప్పంతో పూడ్చకండి, పగులుతుంది.

కరెంటు పనిలో స్విచ్ ప్లేట్లు మార్చి, లోపల కాలిన వైరు వదిలేయడం శుద్ధ మోసం. ఎర్తింగ్ పరీక్ష చేయించి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

పాత టైల్స్ మీద కొత్తవి అతికిస్తే చవకే. కానీ నేల సెంటీమీటర్ పైగా లేస్తుంది, తలుపులు కింద కోయాలి. బాత్రూమ్‌లో అయితే గడప దగ్గర పల్లం తగ్గి నీళ్లు గదిలోకొస్తాయి. తట్టినప్పుడు డొల్లగా మోగే టైల్ మీద అసలు అతికించొద్దు.

కిచెన్‌లో అల్మారాల చెక్క డబ్బాలు గట్టిగా ఉంటే తలుపులు, హింజులు మారిస్తే చాలు.

ఇక లెక్క. పెట్టిన ఖర్చంతా విలువలో చేరదు. రాబడి పద్ధతిలో, అంటే అద్దె ఆదాయాన్ని బట్టి విలువ కడితే, ఖర్చులు పోను నెలకు 100 రూపాయలు అదనంగా మిగిలితే ఏడాదికి 1,200. రాబడి రేటు, అంటే ఇంటి విలువలో ఏడాది రాబడి వాటా, 6 శాతమైతే 1,200ను దానితో భాగించగా విలువ 20,000 పెరిగినట్టు. అద్దె పెంచని ఫాల్స్ సీలింగ్ ఈ లెక్కలోకే రాదు. అనుమతి లేకుండా కట్టిన గదిని సాధారణంగా విస్తీర్ణంలో కలపరు సరికదా, అదే అభ్యంతరమై కూర్చోవచ్చు.

పని మొదలెట్టేముందే ఫొటోలు తీయండి. ప్లాస్టర్ కింద దాగిపోయే పైపులు, వైర్లను మూయకముందే తీయాలి. బిల్లులతో కలిపి ఆ ఫొటోలు వాల్యుయర్ చేతికివ్వండి. గోడ లోపల జరిగిన పని ఆయనకు వేరేలా కనబడదు.