సింపథెటిక్ నాడుల కొసల్లో వెలువడేది అడ్రినలిన్ కాదు
భయం కలిగినప్పుడు సింపథెటిక్ నాడులన్నీ, అంటే ఆపదలో శరీరాన్ని అప్రమత్తం చేసే నాడులన్నీ, అవయవాల వద్ద అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయన్న, మీరు ప్రచురించిన వ్యాసంలోని మాటతో ఏకీభవించలేను. వెన్నుపాము నుంచి బయలుదేరిన నాడీ ప్రచోదనం (నాడుల వెంట సాగే విద్యుత్ సంకేతం) గాంగ్లియాన్ అనే నాడీకణాల గుంపును చేరగానే అక్కడ వెలువడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తర్వాతి నాడీకణాన్ని ఉత్తేజపరుస్తుంది. ఆ ప్రచోదనం గుండెనో రక్తనాళాన్నో చేరి, నాడి కొసలోకి కాల్షియం అయాన్లు ప్రవేశించినప్పుడు అక్కడ ప్రధానంగా విడుదలయ్యేది అడ్రినలిన్‌ను పోలిన నార్‌అడ్రినలిన్ అనే మరో రసాయనం, ఈ సంగతిని 1946లో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ గుర్తించారు. అడ్రినలిన్ మాత్రం ఎక్కువగా మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మెహదీపట్నం రద్దీలో నా స్కూటర్ ముందు బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు గుండె ఆ క్షణంలోనే దడదడలాడింది, ప్రమాదం తప్పాక కూడా తర్వాతి సిగ్నల్ దాటేదాకా ఆ దడ తగ్గలేదు. మొదటిది ప్రధానంగా నాడుల పని, ఆ తర్వాత కొనసాగిన దడలో రక్తంలో తిరుగుతున్న అడ్రినలిన్‌కూ వాటా ఉంది. హ్యాండిల్ పట్టుకున్న అరచేతులు చెమటతో తడిసిపోవడం నాకు మరింత ఆశ్చర్యకరంగా తోస్తుంది, ఎందుకంటే స్వేదగ్రంథులకు వెళ్లే నాడులు సింపథెటిక్ వ్యవస్థకు చెందినవే అయినా వాటి కొసల్లో వెలువడేది ఎసిటైల్‌కోలిన్. ఇంటర్ బైపీసీ విద్యార్థులు కూడా ఇటువంటి వ్యాసాలు చదువుతారు కనుక ఆ ఒక్క వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను.