తల ఊపితే ఒప్పుకున్నట్టేనా?

మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని జర్మనీ బృందంతో పనిచేయడం మొదలుపెట్టి మూడేళ్లయింది. వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ఉండే సమయ వ్యత్యాసానికి అలవాటు పడ్డాను గానీ, నా మాటకు వాళ్లు వేరే అర్థం తీయడం మాత్రం ఇప్పటికీ మనసును కష్టపెడుతూనే ఉంది. మొన్న అక్కడి అధికారి శుక్రవారానికల్లా పని పూర్తవుతుందా అని అడిగితే, కాసేపు ఆగి, తల అటూ ఇటూ ఊపుతూ, ప్రయత్నిస్తానన్నాను. మన దగ్గర ఆ ఆగడంలోనే సగం జవాబు ఉంటుంది. పెళ్లికి పిలిచినప్పుడు "చూద్దాం తియ్యి" అన్న చుట్టం రాడని మా అమ్మకు ఆ క్షణమే తెలిసిపోతుంది. ఆయన మాత్రం దాన్ని ఒప్పుకోలుగా రాసుకుని, సోమవారం అందరి ముందూ నన్ను మాట తప్పిన మనిషిని చేశారు. సందర్భంలోంచి అర్థమయ్యే మాట వేరు, పదాల్లోనే అంతా తేల్చి చెప్పే మాట వేరని అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లోనే వివరించారు. అయినా శిక్షణ పేరుతో సూటిగా మాట్లాడమని ప్రతిసారీ మాకే చెబుతారు. మేము ఎందుకు ఆగామో ఒక్కసారి అడిగి చూడమని వాళ్లకు మాత్రం ఎవరూ చెప్పరు.