మీటింగులు మధ్యాహ్నానికి మార్చండి

ఓపిక ఉన్న వేళ చూసుకుని అసలు పని పెట్టుకోండని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. మంచి మాటే, కానీ ఆ వేళ ఎంతమంది చేతిలో ఉంది?

ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసే మన తెలుగు ఇళ్లు చూడండి. గుడి గోపురాల్లాంటి కుంభం అంచు నేత, తెగిన పోగులు అతకడం లాంటి కన్ను తిప్పనివ్వని పనులు పొద్దున్నే కానిచ్చి, భోజనాలయ్యాక కండెలు చుట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు చాలామంది. మగ్గం ఇంట్లోనే ఉంది కాబట్టి వాళ్లకు కుదిరింది. అదే ఇంటి పిల్ల బజారులో లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్లిందనుకోండి, బుర్ర చురుగ్గా ఉన్న గంటన్నరా మీటింగులో పోతుంది, జీఎస్టీ లెక్కలు రెండింటికి మొదలవుతాయి, తప్పు దొర్లితే తిట్లు ఆ పిల్లకే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

రెండింటికి కునుకు రావడం బద్ధకం కాదు. అన్నం తినకపోయినా ఆ వేళకు చురుకు తగ్గుతుంది, తిండి ఆ మగతను ఇంకాస్త పెంచుతుందంతే. ఒంటి గడియారం మన కణాల్లోనే ఉంది, అది ఎలా నడుస్తుందో తేల్చినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. పైగా అది అందరికీ ఒకేలా ఉండదు. కొందరు కోడికూతకే లేస్తారు, కొందరికి రాత్రి అయితే గానీ పని సాగదు, టీనేజీ పిల్లలకైతే నిద్రవేళ సహజంగానే ఆలస్యమవుతుంది.

వేళలు మార్చడం మనకు కొత్తేమీ కాదు. ఎండలు ముదిరితే ఒడిశా ప్రభుత్వమే 11 నుంచి 3 దాకా ఆరుబయట పనులు ఆపమంటుంది, ఒంటిపూట బడులు పెడుతుంది. ఎండలో మాడేకంటే ఒంటిపూట బడి నయమే. కానీ పొద్దున్నే బడికొచ్చి నిద్ర చాలక తూగుతున్న పదో తరగతి పిల్లలకు మొదటి పీరియడ్‌లోనే లెక్కలెందుకు? ఆటలు పెట్టండి, పాఠం పైకి చదివించండి, లెక్కలు తర్వాత చెప్పొచ్చు.

రాయగడ వైపు మిల్లుల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లది ఇంకా కష్టం. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య మెలకువ బాగా సన్నగిల్లుతుంది, మిషన్ మాత్రం ఆగదు. కనీసం షిఫ్టులు పొద్దున, సాయంత్రం, రాత్రి అనే వరసలో ముందుకు తిప్పితే ఒళ్లు కాస్త తేలిగ్గా అలవాటు పడుతుంది, వెనక్కి తిప్పితే మరీ కష్టం. దీనికి పైసా ఖర్చు లేదు. యూనియన్లు జీతం గురించి అడిగినంత గట్టిగా ఈ వరస గురించీ అడగాలి.